సాయంత్రం ఈదాలి

కన్నకూతురి ఏడాది కూడికకు తల్లే లేకపోవడమేమిటని మా చర్చి సంఘంలో చాలా రోజులు చెప్పుకున్నారట. చెప్పుకోనీ. నా ముఖాన అన్నవాళ్ళకు నేనూ ముఖం మీదే జవాబిచ్చాను. వెనక అన్నవాళ్ళను దేవుడికి వదిలేశాను. ఆ రోజు నేను అమెరికాలో మేముండే ప్లెయిన్స్‌బరోలో, అద్దెకు తీసుకున్న హాల్లో, తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చోవలసిన మనిషిని. కూర్చోలేదు. దేశానికి అటు చివర, వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్‌మండ్‌కు దగ్గరలో, ఒక ఈతకొలను పక్కన బల్ల మీద కూర్చున్నాను. మా మనవరాలు పోటీకి వెళ్తే తోడు వెళ్ళాను.

మాది గోదావరి జిల్లా క్రైస్తవ కుటుంబం. మనిషి పోయిన ఏడాదికి అదే తేదీన మావాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాటలు పాడతారు, పాస్టరు గారు వాక్యం చెబుతారు, ఇంటివాళ్ళు ఒక్కొక్కరే లేచి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెబుతారు, ఆ తరవాత భోజనాలు. అమెరికా వచ్చినా ఆ పద్ధతి పోలేదు. మా అల్లుడు హాలు బుక్ చేశాడు, పాస్టరు గారికి చెప్పాడు, బిర్యానీకి ఆర్డరిచ్చాడు, అందరికీ వాట్సాప్‌లో పిలుపులు పంపాడు. అన్నీ అయ్యాక ఒకరోజు అన్నాల దగ్గర మనవరాలు కంచంలోంచి తల ఎత్తకుండా చెప్పింది.

"డాడీ, ఆ వీకెండ్ నాకు మీట్ ఉంది. వాషింగ్టన్ స్టేట్‌లో."

"అదే రోజా? మమ్మీ మెమోరియల్ కదా నాన్నా. స్కిప్ చేసెయ్."

"నో. అది అమ్మ మీట్."

అమ్మ మీట్ ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. ఈ ఈత పోటీల్లో ఒక పద్ధతుంది. పొద్దున వచ్చినవాళ్ళందరూ ఈదుతారు. వాళ్ళలో బాగా ఈదిన కొద్దిమందిని మాత్రం సాయంత్రం మళ్ళీ ఈదనిస్తారు. అదే ఫైనల్. సాయంత్రం ఈదేవాళ్ళను మైకులో పేరు పెట్టి పిలుస్తారు. మిగతావాళ్ళు పైన కూర్చుని చప్పట్లు కొట్టాలి. మా అమ్మాయి ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూతుర్ని తీసుకుని ఇదే పోటీకి వెళ్ళింది. అప్పుడు పిల్ల పొద్దున ఈది ఆగిపోయింది. మరుసటి ఏడాది అదే సమయానికి మా అమ్మాయి ఆసుపత్రి మంచం మీద ఉంది, ఇంక పోటీ మాటెవరు తలుస్తారు? ఆ మంచం మీదే పిల్ల చెయ్యి పట్టుకుని, "మళ్ళీ అక్కడికి వెళ్ళినప్పుడు సాయంత్రం ఈదాలి నాన్నా, నేను చూడాలి" అంది. నేను పక్కనే ఉన్నాను. కూతుర్ని కూడా నాన్నా అనే పిలిచేది.

మా అల్లుడు చెంచా కింద పెట్టేశాడు. "అంటే ఏంటి? మమ్మీ కంటే స్విమ్మింగ్ ఎక్కువైపోయిందా నీకు?" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. "అవేం మాటలు బాబూ? నోటికెంత వస్తే అంతేనా?" అన్నాను. అన్నానే గాని అతన్ని చూస్తే నాకు జాలేసింది. ఆ ఏడాదంతా అతను ఆఫీస్‌కి వెళ్ళాడు, వచ్చాడు, వీసా ఎక్స్‌టెన్షన్ అని లాయర్‌తో ఫోన్లో మాట్లాడాడు, పిల్లకు లంచ్‌బాక్స్ కట్టాడు. కూర్చుని ఏడవడానికి అతనికి తీరిక దొరకలేదు. ఆ కూడిక ఒక్కటే దొరికింది. అటు చూస్తే భార్య పోయినవాడు, ఇటు చూస్తే తల్లి పోయిన పిల్ల. నడుమ నేను, కడుపుకోతతో.

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

"అత్తయ్యా, మీరు ఇండియన్ స్టోర్‌కి కూడా ఒక్కరే వెళ్ళలేరు."

"నేను కాకపోతే అదే నన్ను తీసుకెళ్తుంది. పదిహేనేళ్ళొచ్చాయి. ఏం, తప్పిపోతామా?"

అతను లేచి కిచెన్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు గిన్నెలు కడిగాడు. మర్నాడు టికెట్లు కొన్నాడు. రెడ్‌మండ్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, "మా అత్తగారూ పాపా వస్తున్నారు, మీ ఇంట్లోనే దిగుతారు" అని చెప్పాడు. మంచివాడు మా అల్లుడు. ఆ మాట అతని ముఖాన ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నేను గవర్నమెంటు బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పని చేసి రిటైరయ్యాను. ఎంతమంది ఆడపిల్లల్ని లేపానో, తినిపించానో, తిట్టానో లెక్క లేదు. నా గొంతు వింటే రెండు వీధుల అవతల కుక్కలు లేచేవని మా ఆయన అనేవారు. అలాంటిదాన్ని ఆ ఎయిర్‌పోర్టులో మనవరాలి వెనక తోకలా నడిచాను. అదే నా పాస్‌పోర్ట్ చూపించింది, అదే నా చెప్పులు విప్పించి ట్రేలో పెట్టింది, అదే నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. విమానం ఎక్కాక చెవుల్లో ఏవో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దాని ఒడిలో బ్యాగు. అందులో ఈత బట్టలు, కళ్ళద్దాలు, టోపీ. ఆ బ్యాగు పైన పెట్టమని ఎయిర్‌హోస్టెస్ వచ్చి అడిగితే ఇవ్వనంది. కిందంతా మంచు కొండలు కనిపిస్తుంటే చూడవే చూడవే అని మోచేత్తో పొడిచాను. చూసి, నవ్వి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తల్లి పోయాక ఆ పిల్ల ఏ పోటీకీ ఇంట్లోవాళ్ళను రానివ్వలేదు. తండ్రి వస్తానన్నా వద్దంది. కోచ్‌తోనే వెళ్ళేది, కోచ్‌తోనే వచ్చేది. ఈసారి మాత్రం ఎవరో ఒకరు రావాలని దాని మనసులో ఉన్నట్టుంది. నేను వస్తానన్నప్పుడు ఊ అనలేదు, వద్దనీ అనలేదు. నేను దాన్నే భాగ్యమనుకున్నాను.

రెడ్‌మండ్‌లో ఆ ఇంటి ఇల్లాలు మాకు పప్పూ, బెండకాయ వేపుడూ చేసి పెట్టింది. పిల్ల పెందలాడే తినేసి స్నానం చేసి వచ్చి నా ముందు కార్పెట్ మీద కూర్చుంది. తల తుడుచుకుంటోంది. ఆ జుట్టు చూసి నా ప్రాణం ఉసూరుమంది. కొలనులో కలిపే మందుకు కొబ్బరిపీచులా తయారైంది. దువ్వెన దిగదు. వేళ్ళు పెడితే చిక్కులు.

"ఇదేం జుట్టే! మనిషన్నవాళ్ళ జుట్టేనా? ఉండు, నూనె పెడతాను."

"ఇప్పుడొద్దు అమ్మమ్మా. రేపు రేస్ ఉంది."

"రేసుంటే ఏం? తలకింత చమురు లేకపోతే చలవెక్కడిది, నిద్దరెక్కడిది? నోరు మూసుకుని కూర్చో."

ఆ ఇల్లాలు కొబ్బరినూనె సీసా తెచ్చి వేడినీళ్ళలో పెట్టి ఇచ్చింది. నా హాస్టల్లో ఆదివారం ఆరాధనకు వెళ్ళే ముందు ఏ పిల్లా పొడి తలతో గడప దాటేది కాదు. ఆ చేతులకు ఇన్నాళ్ళకు పని దొరికింది. మా అమ్మాయికి చివరి నెలల్లో నూనె పెడదామన్నా తల మీద వెంట్రుక లేదు. టవలు చుట్టి, ఆ టవలు మీదే చెయ్యి వేసి కూర్చునేదాన్ని. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పిల్లకు కనబడకుండా ఇంకాస్త నూనె పోసి మాడుకు పట్టించాను. "కొంచెం చాలు అమ్మమ్మా, చాలు" అంటూనే అది నా మోకాలి మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ ఏడాదిలో అది నా మీద వాలి పడుకోవడం అదే మొదలు. కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. చాలా సంతోషంగా ఉన్నాను.

పొద్దున హడావిడి. పిల్ల గబగబా తల మీద నీళ్ళు పోసుకుని ముడి వేసుకుంది. ఆ ఇల్లాలు మమ్మల్ని డ్రైవ్ చేసి దించి ఇంటికి పోయింది. పిల్ల కిందికి, నేను పైకి. అబ్బో, ఎంత పెద్ద కొలను! పైన కూర్చోడానికి మెట్లు మెట్లుగా బల్లలు. చలిదేశంలో ఇంత వేడి ఎక్కడిదా అనిపించింది, చీర ఒంటికి అతుక్కుపోయింది. చుట్టూ తల్లులూ తండ్రులూ. ఒక్కొక్కళ్ళు గొంతు చించుకుంటున్నారు. నేను బైబిలు చేతిలో పెట్టుకుని, ప్రభువా, సాయంత్రం వరకు తీసుకెళ్ళు, ఇంకేమీ అడగను అని కూర్చున్నాను. సాయంత్రం అంటే ప్లెయిన్స్‌బరోలో కూడిక జరుగుతుండగా ఇక్కడ ఇది ఈదుతుంది. రెండూ ఒక్కసారే జరుగుతాయి. నా ఆశ అది.

దాని వంతు వచ్చిందని మైకులో పేరు వినిపించింది గాని, వరసగా నిలబడ్డ పిల్లల్లో నా పిల్లెవరో నాకు తెలిస్తే ఒట్టు. అందరివీ ఒకే రకం బట్టలు, ఒకే రకం నల్లద్దాలు, గుండు మీద అతికించినట్టు టోపీలు. ఈల వేశారు, దూకారు. కప్ప ఈదినట్టు ఈదే ఈత అది. తల పైకొస్తుంది, మునుగుతుంది, పైకొస్తుంది. ఎవరికి చప్పట్లు కొట్టను? కళ్ళు చికిలించి ఒక్కొక్క తలే వెతుక్కుంటున్నాను.

అవతలి గోడ తాకి తిరిగొస్తుండగా ఒక పిల్ల టోపీ ఊడింది. ఊడి నీళ్ళ మీద తేలింది. దాని వెనక నల్లటి జడముడి విడిపోయి పరుచుకుంది. నా పిల్ల! నేను గుర్తుపట్టాను! పట్టలేని సంతోషంతో లేచి నిలబడిపోయాను. బైబిలు ఒళ్ళోంచి జారినా చూసుకోలేదు.

"రా నాన్నా, రా! కానీ, కానీ! రా తల్లీ, ఇంకొంచెమే! రా!"

హాస్టలు గొంతు మరి. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ, నా మనవరాలు, నా నోరు. మళ్ళీ అరిచాను. అప్పుడు పిల్ల నీళ్ళలోంచి తల పైకెత్తింది. ఎత్తి ముంచలేదు. పక్కకు తిరిగి, పైన బల్లల వైపు, సరిగ్గా నా వైపు చూసింది. కళ్ళద్దాలు కూడా జారి మెడలో పడ్డాయేమో, దాని కళ్ళు ఇంత పెద్దవై కనిపించాయి. నన్ను చూసింది, నన్ను చూసింది అని నేను రెండు చేతులూ ఊపాను. తరవాత అది మళ్ళీ నీళ్ళలో మునిగి ఈదింది. గోడ తాకింది. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

చాలాసేపటికి తువ్వాలు చుట్టుకుని పైకి వచ్చింది.

"గెలిచావా నాన్నా?"

"లేదు అమ్మమ్మా. నైన్త్ వచ్చా. ఎయిట్ మంది వెళ్తారు."

"అంటే?"

"అంటే ఈవెనింగ్ లేదు."

ఒక్క మనిషి తేడా. దాని ముఖంలో ఏమీ లేదు. అరిచినా, ఏడ్చినా, కాలితో బల్లను తన్నినా నాకు బాగుండేది. నాకే దుఃఖం పొంగుకొచ్చి, పిల్ల ముందు ఏడవకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "టోపీ ఎందుకు ఊడిందే?" అని అడిగాను.

"ఓల్డ్ క్యాప్ అమ్మమ్మా. లూజ్ అయిపోయింది."

మధ్యాహ్నం ఆ ఇల్లాలు వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. పిల్ల పడుకుంది. దాని తడిబట్టలు ఆరేద్దామని బ్యాగు తీశాను. ఈత బట్ట పిండాను. టోపీ పట్టుకుంటే చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. లోపలంతా జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరినూనె వాసన. లూజేమీ కాదు, కొత్త రబ్బరు, లాగితే చటుక్కున ముడుచుకుంటోంది.

బాత్రూములో కమోడు మూత మీద కూలబడిపోయాను. అయ్యో ప్రభువా! చేజేతులా చేశాను. పిల్లకు తెలుసు. నీళ్ళలో టోపీ జారుతున్నప్పుడే దానికి తెలిసి ఉంటుంది. పైకి వచ్చి, నా ముఖం చూసి, పాతదని చెప్పింది. నేను వెళ్ళి దాని మంచం పక్కన నిలబడి, "నా నూనె వల్లే కదే" అన్నాను. కళ్ళు తెరవకుండా "నో అమ్మమ్మా, ప్రామిస్" అంది. నా ముసలి ప్రాణానికి ఒక అబద్ధం చాలదని రెండోది కూడా చెబుతోందనుకున్నాను.

సాయంత్రం మళ్ళీ కొలను దగ్గరికి వెళ్ళాం. ఓడినవాళ్ళు కూడా వెళ్ళి టీమ్‌లో గెలిచినవాళ్ళకు చప్పట్లు కొట్టాలట. వద్దులే, ఇంట్లోనే ఉండి ఫోన్లో కూడిక చూద్దామన్నాను. "లేదు, వెళ్ళాలి" అంది. పక్కపక్కన కూర్చున్నాం. కింద నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అక్కడ మా అమ్మాయి ఫోటోకు దండ వేసి ఉంటారు, అందరూ వచ్చి ఉంటారు, తల్లి ఏదని అడుగుతూ ఉంటారు. ఇక్కడా లేదు మాకేమీ, అక్కడా లేము మేము. ఎందుకొచ్చిన ప్రయాణం ఇది అని నా మీద నాకే అసహ్యమేసింది.

ఇక్కడికంటే అక్కడ గడియారం మూడు గంటలు ముందు. అక్కడ పాటలూ వాక్యమూ అయిపోయి, సాక్ష్యాలు మొదలైనట్టున్నాయి. పిల్ల ఫోన్ మోగింది. మా అల్లుడు.

"ఫైనల్ ఎప్పుడు నాన్నా? అందరం నీ కోసం ప్రే చేశాం."

"లేదు డాడీ. మేక్ చేయలేదు."

అతను మెల్లగా, "పర్లేదు నాన్నా. పాస్టర్ గారు అడుగుతున్నారు, మమ్మీ గురించి రెండు మాటలు చెప్తావా? స్పీకర్‌లో పెడతాను. వద్దంటే వద్దు" అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. వద్దంటుందనే అనుకున్నాను. "చెప్తా" అంది. ఒక చెవికి ఫోన్ ఆనించి, కింది నుంచి వచ్చే చప్పుడు వినబడకుండా రెండో చెవి చేత్తో మూసుకుంది.

"అందరికీ వందనాలు" అంది. సండే స్కూల్లో నేర్పిన మాట. "నా తెలుగు అంత గుడ్ కాదు, సారీ. మార్నింగ్ నా రేస్ అయింది. నేను ఈదుతున్నా, నా క్యాప్ పోయింది. క్యాప్ ఉంటే ఇయర్స్ క్లోజ్ ఉంటాయి, ఏమీ వినపడదు. క్యాప్ పోయినాక నాకు అమ్మ వినపడింది."

నేను దాని ముఖంలోకి చూశాను. అది నా వైపు చూడటం లేదు, కింద నీళ్ళ వైపు చూస్తోంది.

"'రా నాన్నా రా' అని. అమ్మ అట్లానే అరుస్తుంది. సేమ్ వాయిస్. నేను అనుకున్నా, అమ్మ వచ్చింది అని. రేస్‌లో తల తిప్పకూడదు, స్లో అవుతాం, నాకు తెలుసు. కానీ నేను తిప్పి చూశా. ఎందుకంటే అమ్మ వెళ్ళిపోతుందేమో అని." ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. "అమ్మమ్మ ఉంది. అంతే. అందుకే ఫైనల్ రాలేదు. క్యాప్ వల్ల కాదు. అమ్మా, సారీ. థ్యాంక్యూ."

ఫోన్లో ఎవరో ఏడుస్తున్నారు. మా అల్లుడే. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా మైకు ముందు, అంతమంది మధ్య, బావురుమని ఏడుస్తున్నాడు. పెళ్ళైన కొత్తలో అతను ఇంటికి ఫోన్ చేసి, నేనెత్తితే భార్యే అనుకుని మాట్లాడేసి సిగ్గుపడేవాడు. మా ఇద్దరి గొంతూ ఒకటే. ఆ సంగతి నాకు ఆ రోజు ఒక్కసారైనా తట్టలేదు.

పిల్లను దగ్గరికి లాక్కున్నాను. ఇప్పుడు ఏడ్చింది. నా భుజం తడిసేలా, ఎక్కిళ్ళు పెట్టి, పసిపిల్లలా ఏడ్చింది. కింద ఎవరి పేరో మైకులో పిలుస్తున్నారు. నేను ఓదార్చలేదు. నోరు తెరిస్తే వచ్చేది ఆ గొంతే గనక మాట్లాడటానికి భయమేసింది. పొద్దున ఆ పిల్ల నీళ్ళలోంచి తలెత్తి, కళ్ళు ఇంతింత చేసుకుని వాళ్ళమ్మ కోసం వెతికింది. నేను నవ్వుతూ రెండు చేతులూ ఊపాను.